పదును పోకముందే

మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడ్డాయో లేదో, టీవీలవాళ్లు జొన్నగిరికి బయలుదేరతారు. ఎర్రచేలల్లో వంగి రాళ్లు వెతికే జనాన్ని చూపించి ‘వజ్రాల పిచ్చి’ అనీ, ‘రాత్రికి రాత్రే కోటీశ్వరులు’ అనీ అరుస్తారు. ఏటా చూస్తూనే ఉన్నాను, ఏటా ఒళ్లు మండుతూనే ఉంది. ఈమధ్య ఒక సభలో అంతకంటే పెద్ద మాట విన్నాను. జీవితంలో రిస్కు తీసుకోవడం గురించి ఒక పెద్దమనిషి ఉపన్యాసం. ఆయన ఈ వజ్రాల వెతుకులాటనే తీసుకుని, కష్టపడలేనివాళ్లు అదృష్టం కోసం ఇలా నేల చూస్తారనీ, ధైర్యం ఉన్నవాళ్లు ముందుకు చూస్తారనీ తేల్చేశారు. జనం చప్పట్లు కొట్టారు. నా చేతులు లేవలేదు.

ఆ చేలల్లోకి వచ్చేవాళ్లకు అయ్యే నష్టం ఏమిటో చూడండి. బస్సు చార్జీ, సద్ది మూట, నడుము నొప్పి. విత్తు పడేదాకా పల్లెల్లో కూలి పని ఉండదు. ఖాళీ చేతులతో ఇంట్లో కూర్చునే బదులు తుగ్గలి, మద్దికెర, పగిడిరాయి చేలల్లో వారం రోజులు తిరుగుతారు. దొరికితే వ్యాపారి దగ్గర నగదు, కొంత బంగారం. దొరక్కపోతే ఎప్పటిలాగే కూలికి పోతారు. పైగా అది పిచ్చి కూడా కాదు. పక్కనే వజ్రకరూరు దగ్గర భూగర్భం నుంచి పైకి తన్నుకొచ్చిన కింబర్లైట్ శిలలున్నాయి. యుగాల తరబడి అవి అరిగి, వాటిలోని వజ్రాలు మట్టిలోనూ కంకరలోనూ కలిసిపోయాయి. వాన మట్టిని కడిగితే రాయి మెరుస్తుంది. మొదటి వానకే రావడంలో ఉన్న తెలివి అదే.

అసలు జూదం ఆ చేను గలాయనది. దాన్ని చూపించడానికి ఏ కెమెరా రాదు.

అదే వానకు ఆయన గట్టు మీద నిలబడి పిడికెడు మట్టి తీసి నలుపుతాడు. పదునైందా లేదా? అయితే ఇప్పుడే ఇత్తాలా, ఇంకో వాన చూడాలా? ఇప్పుడే ఇత్తితే, చెనక్కాయకు పూత వచ్చి ఊడలు దిగే వేళకు ఇరవై రోజులు వాన మొహం చాటేయొచ్చు. నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగదు. దిగని ఊడకు కాయ లేదు. ఆగుదామంటే జూలై దాటిపోతుంది, కాయ ఊరే వేళకు వానలే వెనక్కి తగ్గుతాయి. రెండు దారులూ తప్పుకావచ్చు. నిర్ణయానికి గడువు మాత్రం రెండు మూడు రోజులే, పదును అంతకంటే నిలవదు. “పదును పోతాంది, ఏం జేద్దాం?” అని ఇంటాయన అడిగితే, ఇంటావిడ మెడలో ఏముందో ఒకసారి తడిమి చూసుకుని “ఇత్తు” అనే ఇళ్లు నేనెరుగుదును.

ఇక్కడ నేనెప్పుడూ చెప్పే మాట ఇంకోటుంది. మా ఇంట్లోవాళ్లు విని విని విసిగిపోయారు, మీరైనా వినాలి. చెనక్కాయ ఎకరాకు అరవై కిలోల గింజలకు తక్కువ కాకుండా తింటుంది. అదే జొన్న నాలుగు కిలోలు, కొర్ర రెండు. ఈ తేడాలోనే పశ్చిమ కర్నూలు పల్లెల కథంతా ఉంది. జొన్న మొలవకపోతే మళ్లీ గంపెడు గింజలు తెచ్చి చల్లుకోవచ్చు. చెనక్కాయ మొలిచి ఎండిపోతే రెండోసారి విత్తనం కొనడానికి మళ్లీ అప్పే. వాన అదే, నేల అదే, రైతు ధైర్యమూ అదే. మొదటి రోజే పందెంలో పెట్టే సొమ్ము మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. పత్తి వచ్చి దాన్ని ఇంకా పెంచింది. టమోటాదీ అదే కథ, పత్తికొండ మార్కెట్టులో ధర పడిపోయి టమోటాలను రోడ్డు మీద పారబోసిన రోజులు అందరం చూశాం.

మా అవ్వ చేను అలా ఉండేది కాదు. గొర్రుకు జొన్న పోసిన రోజునే, కొన్ని సాళ్లకొక సాలు కంది పడాల్సిందే. మధ్యలో అలసంద, అనుము. చుట్టూ ఆముదాలు. ముందు వాన ఎగ్గొడితే జొన్న పోయేది, కంది నిలిచేది. వెనక వాన ఎగ్గొడితే జొన్న చేతికొచ్చేది. రెండూ పోయినా ఆముదం దొరికేది. అవ్వ పచ్చజొన్న రొట్టె చేత్తో తట్టి, పెనం మీద తడి అద్ది తిప్పి, దాని మీద చెనక్కాయల పొడి వేసి ఇచ్చేది. ఆ రొట్టె తిన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, తిననివాళ్లకు చెప్పినా తెలియదు. నిమ్మళంగా నమిలితేనే తీపి పుడుతుంది. ఇప్పుడు పట్నం హోటళ్లలో జొన్నరొట్టె అని కాగితం మందాన ఇస్తున్నారు, మైదా కలిపి. అది రొట్టె కాదు, దాన్ని నేను క్షమించలేను. అవ్వ ఏ సభకూ పోలేదు, రిస్కు అనే మాట వినలేదు. ఒక్క పంట మీదే ఇల్లు మొత్తం మోపకూడదని ఆమె చేను చెప్పేది.

జొన్నగిరిలో ఇప్పుడు బంగారు గని కూడా వచ్చింది. జియోమైసూర్ సంస్థ జొన్నగిరి, ఎర్రగుడి, పగిడిరాయి పరిధిలో సుమారు 1500 ఎకరాల్లో లీజు తీసుకుంది. ఏళ్ల తరబడి డ్రిల్లింగు చేసి, లోపలి రాయి నమూనాలు తీసి, టన్నుకు ఎన్ని గ్రాముల బంగారమో లెక్కగట్టాకే తవ్వకానికి దిగారు. అలా లెక్క చూసుకోవడం మంచిదే. ఆ పక్క చేను రైతుకు మాత్రం రేపటి వాన ఎంతో చెప్పే యంత్రం లేదు. లెక్క చూసుకుని సొమ్ము పెట్టినవాడిని సాహసి అంటారు, లెక్కే దొరకని చోట పెట్టినవాడిని అమాయకుడంటారు. నాకు ఇది అన్యాయంగా తోస్తుంది.

చెనక్కాయ పోయిన ఏడాది సంక్రాంతి దాటగానే ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు పల్లెల నుంచి కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోతాయి. బడికి పోయే పిల్లను అవ్వ దగ్గర వదిలిపోవాలా, వెంట తీసుకుపోవాలా? సీజనల్ హాస్టల్లో చోటు దొరికితే ఒక ఊపిరి. లేకపోతే ఆ తల్లి లారీ ఎక్కేలోపు తేల్చుకోవాల్సిందే. ఆమె నిర్ణయం ముందు మన కొలువు మార్పులు, ఇల్లు కొనాలా వద్దా అనే తర్జనభర్జనలు ఎంతపాటివి?

జొన్నగిరి వైపు వెళ్తే ఎర్రగుడి అశోకుడి శాసనాలు చూడకుండా రాకండి. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలోనే ఉంటాయి. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంట పడ్డాయి. రాళ్లను చదివే మనిషికి ఆ రాళ్ల మీద నిజంగానే చదవాల్సింది దొరికింది. జొన్నగిరే మౌర్యుల సువర్ణగిరి అని చాలామంది చరిత్రకారుల నమ్మకం. పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ ఎర్రగుడిలో ఉన్నాయి. రెండో శాసనంలో దారుల వెంట బావులు తవ్వించాననీ, చెట్లు నాటించాననీ, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ రాజు చెప్పుకున్నాడు. ఈ మెట్టనేల మీద నిలబడి ఆ బావుల మాట చదివితే దాని బరువు తెలుస్తుంది.

చిన్న శాసనం దగ్గర ఇంకాసేపు నిలబడండి. అందులో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి వెళ్లి, తరవాతవి కుడి నుంచి ఎడమకు వస్తాయి, ఎద్దులు సాలు తిరిగినట్టు. బ్రాహ్మీని అలా రాయడం ఎంతో అరుదు. కర్ణాటకలోని బ్రహ్మగిరి శాసనాన్ని రాసిన చపడుడు తన వృత్తి పేరును ఖరోష్ఠీలో చెక్కుకున్నాడు, అది కుడి నుంచి ఎడమకు నడిచే వాయవ్యదేశపు లిపి. ఎర్రగుడిలో ఉలి పట్టింది కూడా అటువైపు లిపికి అలవాటుపడిన చెయ్యేనేమోనని నా ఊహ. ఎక్కడి గాంధారం, ఎక్కడి జొన్నగిరి! అంతదూరం నుంచి అతను ఏ ధైర్యంతో బయలుదేరాడో, ఇంట్లో ఎవరిని అడిగి వచ్చాడో.