మూడడుగుల దూరము

కోవిడ్ కాలమున మాస్కులు ధరించిన చిన్నతరగతుల పిల్లల నడుమ ఆరడుగులకు బదులు మూడడుగుల దూరము చాలునని 2021 మార్చి 19న అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థయైన సీడీసీ ప్రకటింపగా, ఆ మాటను మా రాష్ట్ర విద్యాధికారులు పాఠశాలా జిల్లాలకు చేరవేసిన పిదప, ఏడాదిగా వంటింటి బల్లమీది లాప్‌టాప్‌నే బడి యనుకొన్న మా అమ్మాయి, నేలపై అతికించిన నీలిరంగు టేపు గుర్తుల నడుమ తన చోట కూర్చున్న ఫొటోను టీచరు పంపినప్పుడు నా కన్నులు చెమర్చినవి.

ఆ నెలలోనే ఒక చట్టముచే దేశమందలి బడులకు మంజూరైన సుమారు 122 బిలియను డాలర్లలో, ప్రతిరాష్ట్రమును తన వాటాయందు కనీసము 90 శాతమును జిల్లాలకు పంచవలెననియు, జిల్లాలు అందు కనీసము ఐదవవంతును పిల్లలు కోల్పోయిన చదువును పూరించుటకే వెచ్చింపవలెననియు ఆ చట్టమే విధించినది. ఆ ధనము ప్రతి బిడ్డకును అక్షరమై అందవలెనని నాడు నేను ప్రార్థించితిని. మోకాళ్లపై వంగి ఆ టేపు అతికించిన చేతులకు నా నమస్సులు.