ఏ పేటలో దిగడం?

పదో తరగతి ఫలితాలు వెలువడిన మరునాటి నుంచి మా చంద్రశేఖరపురంలో ఒక ప్రశ్న ఇంటింటికీ తిరుగుతుంది: "ఏ ఊరు పోతున్నారు?" కొన్నాళ్లకు దానికి తోక మొలుస్తుంది: "ఏ పేటలో దిగుతున్నారు?" మొదటి ప్రశ్నకు జవాబు సులభం. కనిగిరి, మార్కాపురం, ఒంగోలు, గుంటూరు, విజయవాడ, హైదరాబాదు – తండ్రి శక్తిని బట్టి, బిడ్డ మార్కులను బట్టి ఆ వరుసలో ఏదో ఒకటి. మనుషులు తడబడేది రెండవ ప్రశ్న దగ్గరే. కళాశాలను ఎంచుకోవడానికి కరపత్రాలు ఉన్నాయి, ర్యాంకుల ప్రకటనలు ఉన్నాయి, ఇంటికి వచ్చి బతిమాలే పీఆర్వోలు ఉన్నారు. పేటను ఎంచుకోవడానికి ఏమున్నది?

మా ఊరు ఎరుగని చదువరుల కోసం ఒక మాట. సి.ఎస్. పురం అంటే తప్ప బస్సు కండక్టరుకు తెలియదు. కొండల అంచున మెట్ట ప్రాంతం. కొండను తొలిచిన గుహాలయాలతో, జలపాతంతో పేరు పొందిన భైరవకోన మా మండలంలోనిదే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి 1972లో ప్రకాశం పేరు పెట్టుకున్నప్పుడు నెల్లూరు నుంచి మా కనిగిరి తాలూకా వాళ్లమూ, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వాళ్లూ, గుంటూరు నుంచి ఒంగోలు వాళ్లూ ఒక పందిరి కిందికి వచ్చాము. పడమటి వాళ్లందరికీ ఉమ్మడి ఆస్తి కరువు. మార్కాపురం పలకలు ఎక్కడెక్కడి పిల్లల చేతనో అక్షరాలు దిద్దించాయి. పలకలను ఎగుమతి చేసినట్టే పిల్లలనూ పంపించడం మా వైపు అలవాటైపోయింది.

చదువు కోసం సంసారమే కదలడం కొత్త సంగతి కాదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872లో ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండవ ఏట తండ్రి గతించగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి బిడ్డలను సాకింది. ఆ వృత్తిని ఆనాటి లోకం చిన్నచూపు చూసేది. తరువాత గురువు హనుమంతరావు నాయుడుగారు రాజమండ్రికి మారుతూ ఈ కుర్రవాణ్ణి కూడా వెంట తీసుకుపోయారు. మగవేషాలూ ఆడవేషాలూ కట్టేటంత నాటకాల సరదా కూడా ఆయనకు ఆ చదువుల కాలంలోనే ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన కొడుకు సంగతి అందరమూ చెప్పుకుంటాము. పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన ఆ తల్లి నాలుగు గోడల కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగి ఉంటుందో ఆలోచించము.

సుమతీ శతకకారుడు నివాసయోగ్యమైన ఊరికి లక్షణాలు చెప్పాడు. అక్కరకు ధనం సర్దేవాడు, జబ్బుకు మందిచ్చేవాడు, ఏడాది పొడుగునా నీరుండే నది, ఒక బ్రాహ్మణుడు – ఇవి లేని ఊరి జోలికి పోవద్దన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా ఆ పద్యం పిల్లలచేత వల్లె వేయించాను. మూడవ లక్షణం దగ్గర మన ఊరు పరీక్ష తప్పిందని ఏటేటా ఎవరో ఒక కొంటె పిల్లవాడు లేచి అనేవాడు, తరగతి అంతా నవ్వేది. కవి చెప్పినది పెద్దవాళ్ల అవసరాలు. పదహారేళ్ల పిల్లను వెంటబెట్టుకుని వెళ్లేవాడు ఏమి చూసుకోవాలో ఆ పద్యంలో లేదు.

2025 వేసవిలో ఆ అవసరం మాకు వచ్చింది. మా మనవరాలు పదో తరగతి పూర్తి చేసి ఒంగోలులో ఇంటర్మీడియట్ చదువుతానన్నది. హాస్టల్లో చేర్పిద్దామని మా అబ్బాయి అన్నాడు. ఆ పిల్ల ఒకటే మాట చెప్పింది: "చదువు ఎంతసేపైనా చదువుతాను తాతయ్యా. పడుకునే చోట కూడా మైకు వినబడితే మాత్రం నావల్ల కాదు." ఇంటర్మీడియట్ పిల్లల ఆత్మహత్యల మీద ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2001లోనే నీరదా రెడ్డి సంఘాన్ని వేయవలసి వచ్చిందన్న సంగతి నాకు గుర్తున్నది. నేను మారు మాట్లాడలేదు. కొడుకుకు అక్కడ మందుల కొట్టు, కోడలికి అంగన్‌వాడీ ఉద్యోగం. కదలగలిగిన వాళ్లము ముసలివాళ్లమిద్దరమే. అలా ఒక సంసారం రెండు పొయ్యిల మీదికి వచ్చింది. మా వైపు ఇలాంటి ఇళ్లు ఎన్నో. చాలా చోట్ల తల్లి పిల్లలతో పట్నంలో, తండ్రి ఒంటరిగా ఊళ్లో.

ఇళ్లు చూడటానికి ముగ్గురమూ వెళ్లాము. పిల్లను ఎందుకు ఎండలో తిప్పడం అని మా అబ్బాయి అన్నాడు. ఉండవలసింది ఆ పిల్ల కదా అని నేనన్నాను.

మొదటిది కళాశాల గేటుకు కూతవేటు దూరంలో మూడవ అంతస్తు పోర్షను. అద్దె 9,500. గదులు శుభ్రం, ఇంటాయన మర్యాదస్థుడు, కాఫీ ఇచ్చారు. మా ఆవిడ వంటగది చూసి వచ్చేలోగా ఆయన నెమ్మదిగా నావైపు వంగి, "మీరేమిట్లు?" అన్నారు. చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. మీలాంటి వాళ్లకైతేనే ఇస్తామన్నారు. నాకు కాఫీ చేదైపోయింది. నా దగ్గర చదువుకున్న ఒకతను, ఇప్పుడు మేస్త్రీ పని చేస్తున్నాడు, అంతకు ముందటేడు కొడుకు కోసం ఇదే పట్నంలో ఇల్లు వెదికాడు. ఏడు ఇళ్ల దగ్గర ఈ ప్రశ్నకు నిజమే చెప్పి, ఏడు చోట్లా "నిన్ననే అడ్వాన్సు తీసుకున్నామండీ" అనిపించుకున్నాడు. టు లెట్ బోర్డులు మాత్రం వారం తరువాత కూడా వేలాడుతూనే ఉన్నాయట. మెట్లు దిగుతూ ఆ మాట చెబితే మా మనవరాలు, "ఆ సంగతి కూడా బోర్డు మీద రాస్తే జనానికి మెట్లు ఎక్కే శ్రమ తప్పేది కదా తాతయ్యా" అన్నది. మాకు దొరికే ఇల్లే అయినా, ఆ ఇల్లు వద్దనుకున్నాము. గేటు పక్కనే ఇల్లు వదులుకున్నారని తరువాత బంధువులు ఎద్దేవా చేశారు. చేయనీ.

రెండవది కొత్త కాలనీలో విశాలమైన ఇల్లు. అద్దె తక్కువ. ఈశాన్యం పల్లం, నైరుతి ఎత్తు అని మధ్యవర్తి వాస్తు ఏకరువు పెట్టాడు. పదకొండు నెలలు ఉండిపోయే అద్దెదారుకు నైరుతితో ఏమి పని అని నేను అనలేదు. మా ఆవిడ తిన్నగా కుళాయి దగ్గరికి వెళ్లింది. మా పడమటి వాళ్లు ఇల్లు చూడటమంటే మొదట నీళ్లు చూడటమే. కనిగిరి ప్రాంతపు ఫ్లోరైడు సంగతి లోకానికి తెలిసినదే. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్నది. మా వైపు ఎన్నో బోర్లు ఆ గీతను ఏనాడో దాటాయి. పళ్లు రూపుదిద్దుకునే చిన్న వయసులోనే ఆ మచ్చలు పడతాయి కనుక, ఇప్పుడు నీళ్లు మార్చినా అవి పోవు. ఎముకలకైనా మేలు జరుగుతుందని ఆశ. మా మనవరాలు నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకుంటుంది. ఎప్పటి నుంచి మొదలుపెట్టిందో మేము గమనించలేదు.

నీళ్లు బాగానే ఉన్నాయి. బోరు ఒకటి, మునిసిపల్ కుళాయి ఒకటి, తాగడానికి క్యాను. మా ఆవిడ తల ఊపింది. అయితే వీధి మొగలో ఇడ్లీ బండి పెట్టుకున్న ఒకామె, "పిల్లను పెట్టుకుని ఇక్కడా?" అని, ఎదుటి ప్రహరీ మీద మోకాలికి పై ఎత్తున ఒక చార చూపించింది. 2010 మే నెలలో లైలా తుఫాను నాటి నీరట అది. పట్నం మధ్య నుంచి పోయే పోతురాజు కాలువ పొంగినప్పుడల్లా పల్లపు వీధులకు ఇదే పాట్లు అని చెప్పింది. నేను కాసేపు ఆ చార వంకే చూస్తూ నిలబడ్డాను. మెట్ట ప్రాంతంవాడికి నీరు వస్తుందా అని అడగటమే తెలుసు. నీరు నిలుస్తుందా అని అడగాలని మా తాత ముత్తాతలలో ఎవరికీ తోచి ఉండదు. మధ్యవర్తికి తెలియదా? తెలుసు. అడిగిన దానికే జవాబు చెప్పడం అతని వృత్తిధర్మం. కనుక కొత్త ఊళ్లో ఇల్లు వెదికేవాళ్లు ఇడ్లీ బండి దగ్గరా, ఇస్త్రీ బండి దగ్గరా పది నిమిషాలు ఖర్చు పెట్టాలి. వాళ్లకు కమిషను లేదు.

మూడవది లాయరుపేట వైపు ఒక పాత ఇంటి పైపోర్షను. కళాశాలకు ఇరవై నిమిషాల నడక. గదులు ఇరుకు, మెట్లు నిటారు. అద్దె 7,500, కరెంటుకు సబ్ మీటరు. నాకు పెద్దగా నచ్చలేదు. అప్పుడు మా మనవరాలు అడిగింది: "సాయంత్రం ఆరు గంటలకు ఇక్కడి నుంచి నేను ఒక్కదాన్నే నడిచి వెళ్లి రాదగిన చోటు ఏదైనా ఉందా?"

ఆ ప్రశ్న నా జాబితాలో లేదు. ఊళ్లో ఆ పిల్లకు సాయంత్రం ఉండేది. స్నేహితురాలి ఇల్లు, గుడి మండపం, వాళ్ల అమ్మమ్మ వాకిలి. పట్నంలో పిల్లల దినచర్య ఇంటి నుంచి తరగతికి, తరగతి నుంచి ఇంటికి గీచిన ఒక్క గీత. ఆ గీత ఎంత పొట్టిదైతే అంత క్షేమమని పెద్దవాళ్లము లెక్క వేసుకుంటాము. గేటు పక్క పోర్షనుకు రెండు వేలు ఎక్కువ పెట్టేది అందుకే.

సరే వెళ్లి చూసి రమ్మన్నాను. అరగంట దాటింది. మా ఆవిడ నన్ను నిందించడం మొదలుపెట్టింది. పిల్ల తిరిగి వచ్చి లెక్క చెప్పింది: ఒక పుస్తకాల కొట్టు, రెండు జిరాక్సులు, గ్రంథాలయానికి దారి, వీధి పొడుగునా దీపాలు, ఒకే ఒక చోట చీకటి మలుపు, మూడు ఇళ్లకు అరుగులు, ఆ అరుగుల మీద ఆడవాళ్లు. గ్రంథాలయానికి "యాడనించి పోవాల?" అని అడిగితే, వాళ్లలో ఒకామె "కనిగిరి పక్కా అమ్మాయీ మీది?" అన్నదట. ఆమెది పామూరు. అది చెబుతూ నవ్వింది. చేయి అడ్డం పెట్టుకోలేదు.

అరుగుల సంగతి కొంచెం చెప్పాలి. కొత్త కాలనీలలో అరుగు లేదు, మనిషెత్తు ప్రహరీ ఉన్నది. గేటుకు కెమెరా ఉన్నది. రోడ్డు మీద ఒక పిల్ల కాలు జారి పడితే చూసే కన్ను లేదు, ఉన్నా తలుపు తీసుకుని వచ్చే మనిషి లేదు. అరుగున్న వీధిలో పిల్ల రావడం పది నిమిషాలు ఆలస్యమైతే నలుగురికి తెలుస్తుంది. మా ఆవిడకు అది ఎంతో నచ్చింది. మనవరాలికి నచ్చలేదు. "ఎవరితో మాట్లాడానో నేను మెట్లెక్కేలోపల మీకు వార్త చేరుతుంది" అన్నది. నిజమే. కనిపెట్టి ఉండే కళ్లే కాపలా కాసే కళ్లు కూడా అవుతాయి. ఈ రెంటినీ విడదీసి ఇచ్చే పేట ఎక్కడా లేదు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఎక్కడికి వెళుతున్నదో తాను మాకు ముందే చెబుతుంది. అరుగు వార్తలను మేము ఇంట్లోకి రానివ్వము. ఒప్పందం మా ఆవిడ వైపు నుంచి అప్పుడప్పుడూ బీటలు వారుతున్నది గాని, నిలిచే ఉన్నది.

కాగితం రాసుకునేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. అద్దె ఒప్పందాన్ని అందరూ పదకొండు నెలలకే రాసుకుంటారు. జూన్‌లో దిగినవాడికి రెండవ కాగితం సరిగ్గా ద్వితీయ సంవత్సరపు పరీక్షలకూ ఈఏపీసెట్‌కూ నడుమ ముగుస్తుంది. పిల్ల పుస్తకం పట్టుకుని ఉండవలసిన రోజుల్లో సామాను సర్దించడానికి అదే ముహూర్తం. ఇంటామెతో ఈ సంగతి చెప్పి, మే నెలాఖరు దాకా కదపనని మాట తీసుకున్నాను. రెండవ కాగితంలో ఆ వాక్యం నేనే నా దస్తూరీతో రాశాను.

గ్రంథాలయానికి మా పిల్ల వారానికి మూడు సాయంత్రాలు వెళుతుంది. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సుంకమని, అది అద్దె రూపంలో మనమూ కడుతున్నామని చెప్పాను. అప్పటి నుంచి పత్రికలు ఆలస్యంగా వస్తే అక్కడి సిబ్బందిని హక్కుగా నిలదీస్తున్నదట. చీకటి మలుపు దగ్గర దీపానికి అర్జీ కూడా తానే రాసింది. అందులో రెండు అచ్చుతప్పులు దిద్దాను, అంతే. దీపం ఇంకా రాలేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక కోడలు నెలకొకసారి కాక వారం వారం వస్తున్నది. ఇరుకు గదుల గురించి అందరికన్నా ఎక్కువ సణిగేది ఆమే.

మొన్న మా పక్క పల్లె నుంచి ఒకాయన ఫోను చేశాడు. కొడుకుకు ఇల్లు చూడాలట, తానూ బావమరిదీ పొద్దున బస్సుకు వచ్చి మధ్యాహ్నానికి ముగించుకుని పోతారట. అబ్బాయిని కూడా తీసుకురమ్మన్నాను. ఉదయం కాదు, సాయంత్రానికి వచ్చి రాత్రి మా ఇంట్లో పడుకోమన్నాను. ఆరు తరువాత వీధులు ఎట్లుంటాయో ఆ కుర్రవాడే చూసుకుంటాడు, తోడు మా మనవరాలు దారి చూపిస్తుంది. ఆదివారం వస్తామన్నారు. వచ్చేటప్పుడు ఊరి కందిపప్పు ఓ రెండు కిలోలు తెమ్మని చెప్పమన్నది మా ఆవిడ.