అమ్మ బండికి ఒక కార్డు

మన హాస్టల్ అడ్మిషన్ ఫారంలో తల్లిదండ్రుల వృత్తి అని ఒక గడి ఉంటుంది. మా బ్యాచ్‌లో చాలామందికి ఆ గడిలో ‘కూలి’ అనే ఉంది. నిజానికి మాలో ఏడెనిమిది మంది ఇళ్లలో పొలం పని లేదు. తోపుడు బండి మీద అరటిపళ్లు, బస్టాండు ముందు మిరపకాయ బజ్జీలు, గంపలో పూలు, ఎండుచేపలు... ఇవే మా కంచంలోకి అన్నం తెచ్చినవి. ‘వ్యాపారం’ అని రాస్తే ఆదాయ ధ్రువపత్రం దగ్గర తిరకాసు వస్తుందని ఫారాలు నింపే పెద్దాయన అందరికీ ‘కూలి’ అనే రాసేసేవారు. రోజంతా ఎండలో నిలబడి సరుకు అమ్మే మనిషికి కాగితం మీద పేరే లేదన్నమాట!

ఆ పేరు చట్టంలో ఉంది. అదెలా వచ్చిందో, దానివల్ల ఏం ఒరిగిందో తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ సంచికలో చెప్పాలనిపించింది.

మా చిన్నతనంలో మున్సిపాలిటీ అంటే మాకు తెలిసింది ఆశీలు. వేలంలో పాట పాడుకున్న కాంట్రాక్టరు మనిషి పొద్దున్నే వచ్చి చీటీ చించి ఇచ్చి డబ్బులు తీసుకెళ్లేవాడు. తెలంగాణ వైపు మిత్రులు తైబజారీ అంటారు. ఆ చీటీ డబ్బు కట్టినందుకు రుజువే గాని, మర్నాడు అక్కడ నిలబడనిస్తారన్న హామీ కాదు. పొద్దున ఆశీలు కట్టిన చోటికే సాయంత్రం లారీ వచ్చేది.

వీధిలో అమ్ముకోవడం కూడా రాజ్యాంగం 19(1)(జి) అధికరణం కింద హక్కేనని సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అయితే ఫలానా చోటే కావాలనే హక్కు లేదని, ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని కూడా చెప్పింది. ఆ మాటకు చట్టం రూపం రావడానికి పాతికేళ్లు పట్టింది. 2014 మే 1 నుంచి వీధి వ్యాపారుల చట్టం అమలులోకి వచ్చింది.

దాని ప్రకారం ప్రతి పట్టణంలో కనీసం ఐదేళ్లకోసారి సర్వే చేయాలి. సర్వేలో తేలిన, పద్నాలుగేళ్లు నిండిన ప్రతివారికీ వెండింగ్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఇవ్వాలి. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. వార్డు జనాభాలో రెండున్నర శాతం వరకు వ్యాపారులకు చోటు చూపాలి. ఇవన్నీ చూసేది టౌన్ వెండింగ్ కమిటీ. దానికి కమిషనర్ అధ్యక్షుడు. సభ్యుల్లో నలభై శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వారిలో మూడో వంతు ఆడవాళ్లు. సర్టిఫికెట్ ఇవ్వడంలో ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, మహిళలకు, వికలాంగులకు, మైనారిటీలకు ప్రాధాన్యం ఇవ్వవచ్చని కూడా ఉంది. మన హాస్టల్ వాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

బండి వదిలేసి ఇంకొకరికి అద్దెకిస్తే కుదరదు. తనే గాని, కుటుంబ సభ్యులు గాని నడపాలి. సెలవుల్లో మనం అమ్మ పక్కన నిలబడటం ఈ లెక్కలోకే వస్తుంది!

కాగితం మీద బాగుంది. వీధిలో ఎలా ఉందో చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా మిత్రుడొకరి అమ్మగారి బజ్జీల బండిని సాయంత్రం పూట ఎత్తుకుపోయారు. పొయ్యి, బాణలి, నూనె డబ్బా, కలిపి ఉంచిన పిండి అన్నీ అందులోనే. ఆమె దగ్గర కార్డు ఉంది. మేం ఐదుగురం చట్టం ప్రతి జిరాక్స్ తీయించుకుని ఆఫీసుకు వెళ్లాం. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా రాసి, సంతకం చేసి, వ్యాపారి చేతికి ఇవ్వాలి. అది అడిగాం. “జాబితా ఏంటయ్యా?” అన్నారు అక్కడి ఉద్యోగి. ఆయన చెడ్డవారు కారు, ఆ సెక్షన్ ఆయనకు ఎవరూ చెప్పలేదంతే. చదివి వినిపించాం. పాడయ్యే సరుకు అడిగిన రోజే, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. బండి మూడో రోజున వచ్చింది. బాణలి వచ్చింది. నూనె డబ్బా రాలేదు. పిండి సంగతి చెప్పక్కర్లేదు. జాబితా లేదు గనుక నూనె డబ్బా ఉండేదని రుజువు చేయడం మా వల్ల కాలేదు.

నడిచేవాళ్లకు ఫుట్‌పాత్ అక్కర్లేదని మేం అనడం లేదు. అంబులెన్సుకు దారి కావాలి. హైదరాబాద్‌లో ఆకుపచ్చ, అంబర్, ఎరుపు జోన్లని విభజించారు. మంచిదే. కానీ రోడ్డు మీద బోర్డు లేకపోతే, తాను ఏ రంగులో నిలబడిందో పూలమ్మే అవ్వకెలా తెలుస్తుంది? అందుకే కమిటీలో ఆ నలభై శాతం కుర్చీలు ఎవరివో అడగమంటున్నాం.

కార్డుతో ఇంకో పని ఉంది. కరోనా కాలంలో, 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి కింద మొదటి విడత పది వేలు అప్పు ఇచ్చారు. 2025లో దాన్ని పదిహేను వేలు చేశారు. సకాలంలో తీరిస్తే పాతిక, తర్వాత యాభై వేలు. రోజువారీ వడ్డీకి తెచ్చుకునే ఇళ్లలో ఆ తేడా ఏమిటో మనకు తెలుసు.

ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు కార్డు ఉందేమో అడగండి. ఉంటే గడువు తేదీ చూడండి. సర్వేనాడు ఊళ్లో లేక పేరు తప్పిపోయినా, రెండు సర్వేల మధ్య కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు, పాత ఆశీల చీటీలుంటే అవి తీసుకురండి. వార్షికోత్సవం మర్నాడు ఆదివారం మేం హాస్టల్లోనే ఉంటాం, దరఖాస్తులు కలిసి రాద్దాం.