అయిందా?

మా కోరుకొండకు కొత్తగా వచ్చినవాళ్ళు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. కొండ మీది నరసింహస్వామి గుడికి మెట్లెన్ని అనేది మొదటిది. సైనిక్ స్కూలు ఎక్కడ అనేది రెండవది. మొదటిదానికి, "ఆరువందల పైచిలుకండి, ఎక్కేటప్పుడు మాత్రం లెక్కపెట్టకండి" అని చెబుతాము. రెండవదానికి, "ఆ కోరుకొండ విజయనగరం దగ్గరిదండి, మీరు పొరపాటున గోదావరి జిల్లాకు వచ్చారు" అని చెప్పి, మజ్జిగ ఇచ్చి పంపుతాము. ఈ రెండింటికీ జవాబులున్నాయి. జవాబు లేని మూడో ప్రశ్న ఒకటి మా ఇంటి అరుగు మీద కొన్నేళ్ళు కాపురం చేసింది.

"మీ మేనల్లుడికి సి.ఏ. అయిందా?"

నేను తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి గనక క్రియాపదాల మీద కాస్త చూపు ఎక్కువ. బి.ఏ. చదివినవాణ్ణి "పాసయ్యాడా?" అంటారు. ఉద్యోగానికి "వచ్చిందా?" అంటారు. సి.ఏ. కి మాత్రం "అయిందా?" అనే అంటారు, పెళ్ళికి అన్నట్టు. పెళ్ళి అయితే అయినట్టు, లేకపోతే కానట్టు. మధ్యలో మరో స్థితి లేదు. సి.ఏ. కూడా మనవాళ్ళ లెక్కలో అంతే. నాలుగేళ్ళు చదివినా, మూడొంతులు దారి నడిచినా, కానివాడు కానివాడే.

మా అక్కయ్య కొడుకు ఇంటరు పాసైన మరుసటి నెలలోనే ఈ చదువులో చేరాడు. మొదట ఫౌండేషను. అది గట్టెక్కింది. తరువాతి పరీక్ష పేరు ఇంటర్మీడియేట్. అక్కడే మా వీధిలో మొదటి గొడవ వచ్చింది. "ఇంటరు పాసయ్యాడుగదండీ, మళ్ళీ ఇంటరేవిటి? తప్పాడా?" అని ఎదురింటి పెద్దాయన చాలా సానుభూతిగా పరామర్శకు వచ్చాడు. అదీ అయింది. తరువాత రాజమండ్రిలో ఒక ఆడిటరుగారి దగ్గర మూడేళ్ళు శిష్యరికం. పగలు ఊళ్ళవాళ్ళ లెక్కలు, రాత్రి తన పుస్తకాలు. ఆ తరువాత మిగిలింది ఫైనలు. కొండకు చివరి మెట్లు నిటారుగా వుంటాయని మాకు తెలుసు గాని, ఇంత నిటారుగా వుంటాయని తెలియదు.

ఆ పరీక్ష న్యాయం ఇది. 1949లో పార్లమెంటు చట్టంతో పుట్టిన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ దీన్ని నడుపుతుంది. అప్పటి పద్ధతిలో ఫైనలుకు రెండు గ్రూపులు, గ్రూపుకు నాలుగేసి పేపర్లు. ప్రతి పేపరులోనూ 40 రావాలి. అది చాలదు, గ్రూపు మొత్తం మీద నూటికి 50 రావాలి. ఏదైనా పేపరులో 60 వస్తే ఆ పేపరును తరువాతి మూడు విడతల్లో మళ్ళీ రాయనక్కరలేదు. 60 రానివాడు, మొత్తంలో ఒక్క మార్కు తగ్గినా, నాలుగూ మొదటి నుంచి రాసుకోవాలి.

2023 నవంబరులో మావాడు మొదటి గ్రూపు రాశాడు. ఆ విడత ఆ గ్రూపు రాసినవాళ్ళు 65,294 మంది. నెగ్గినవాళ్ళు 6,176 మంది. నూరుమందిలో పదిమంది కూడా కాదు. ఫలితాలు 2024 జనవరి 9న వచ్చాయి. అంటే, భోగికి సరిగ్గా అయిదు రోజుల ముందు.

గోదావరి జిల్లాలో సంక్రాంతి అంటే చెప్పేదేముంది? ఇల్లంతా చుట్టాలు, పెరడంతా పిండివంటలు. మా అక్కయ్య అరిసెల పాకం దగ్గర కూర్చుని అరగంటకోసారి ఫోను వంక చూస్తోంది. ఫోను మోగలేదు. మా బావ మాట్లాడకుండా అరుగు మీద కూర్చున్నాడు. నేను పెద్ద తెలివైనవాణ్ణి గనక, "మంచి వార్త స్వయంగా చెబుదామని వస్తున్నాడేమోలే" అన్నాను. ఆ మాట పట్టుకొని ఇంటిల్లిపాదీ రెండు రోజులు ఆశపడ్డారు. ఆ పాపం నాది.

అతను భోగి ముందు రాత్రి ఆఖరి బస్సుకు వచ్చాడు. "పోయింది" అన్నాడు. స్నానం చేసి పడుకున్నాడు. పండుగ మూడు రోజులూ వచ్చిన ప్రతి చుట్టమూ కాఫీ గ్లాసు అందుకొంటూ "అయిందా అబ్బాయీ?" అని అడగటం, అతను "లేదండి" అనటం. సంక్రాంతినాటికి ఆ "అండి" కూడా వినిపించటం మానేసింది.

కనుమనాటి తెల్లవారుజామున అతన్ని లేపి కొండకు తీసుకువెళ్ళాను. చీకటి ఇంకా పూర్తిగా విడలేదు. సగం మెట్లెక్కాక నాకు ఆయాసం వచ్చి కూర్చున్నాను. అతనూ కూర్చుని, అడగకుండానే చెప్పాడు.

"52, 47, 51, 46. నాలుగూ కలిపి 196, మావయ్యా."

"ఎంత కావాలి?"

"200."

నాలుగు పేపర్లలోనూ నెగ్గాడు. నాలుగూ కలిపితే ఓడాడు. తెలుగు మేష్టరుకు కూడా అర్థమయ్యే లెక్కే, కాని జీర్ణం కావటానికి కొంతసేపు పట్టింది.

"నాలుగు మార్కులే గదరా! మళ్ళీ దిద్దమని దరఖాస్తు పెట్టు."

అతను నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "మళ్ళీ దిద్దరు మావయ్యా. కూడిక సరిగా వుందో లేదో, ఏదైనా జవాబు దిద్దకుండా వదిలేశారో చూస్తారు, అంతే. ఇచ్చిన మార్కు సరైనదా అని అడగటానికి నిబంధన ఒప్పుకోదు. 2019లో మా సీనియర్లు ఢిల్లీలో సంస్థ భవనం ముందు రోడ్డు మీద కూర్చున్నది దానికోసమే."

ఆ ఏడు సెప్టెంబరు చివరిలో జరిగిన ఆందోళన నాకు పత్రికల్లో చదివిన జ్ఞాపకం. విద్యార్థులు రోజుల తరబడి కూర్చున్నారు. పరీక్ష తేలిక చెయ్యమని కాదు వాళ్ళు అడిగింది. మార్కులు మళ్ళీ చూడమని. రాజకీయ నాయకులు కూడా మద్దతు పలికారు. సంస్థ సంఘం వేసి పరిశీలిస్తామన్నది.

"కష్టమని నాకు కోపం లేదు మావయ్యా," అన్నాడు. "ఈ చదువు కష్టమని తెలిసే చేరాను. నాలుగు మార్కులు ఎక్కడ పోయాయో తెలియకపోవటమే నన్ను తినేస్తోంది. మాకు నేర్పేదేమిటి? పైసా తేడా వచ్చినా ఎక్కడిదో పట్టుకొనేదాకా లేవకూడదని. నా లెక్కలో నాలుగు తేడా వచ్చింది. పట్టుకోవటానికి పద్దు లేదు."

కాసేపాగి, కొండ కింది ఊళ్ళో దీపాల వంక చూస్తూ అన్నాడు: "ఫలితం చూసిన రాత్రి పుష్కరాల రేవులో పదకొండింటిదాకా కూర్చున్నాను."

ఎందుకని నేను అడగలేదు. నది వైపు చూస్తూ కూర్చున్నాడు కాబోలు అనుకోవటానికి చాలా ప్రయత్నించాను. కాని ఆ చలిలో నా వీపు మీద చెమట పట్టింది. అతని చెయ్యి పట్టుకున్నాను. పది పన్నెండేళ్ళ వయసు దాటిన తరువాత వాడి చెయ్యి పట్టుకోవటం నాకు అదే మొదటిసారి. "ఈసారి రేవుకు వెళ్ళాలనిపిస్తే ముందు నాకు ఫోను చెయ్యి. అర్ధరాత్రయినా సరే. నేనూ వచ్చి కూర్చుంటాను" అన్నాను. సరేనన్నాడు. మాట తీసుకొనేదాకా చెయ్యి వదలలేదు.

ఆ రోజు నేనతనికి మరో సంగతి చెప్పలేకపోయాను. నేనూ పేపర్లు దిద్దేవాణ్ణే. ఏటా కట్టలు కట్టలు దిద్దుతాను. ఉదయం పూట కలం ధర్మరాజు చేతిలోనే వుంటుంది. భోజనాలై, పంకా కింద నలభయ్యో పేపరు తెరిచేసరికి ఎవరి చేతిలో వుంటుందో చెప్పలేను. ఒకసారి ఒక పేపరుకు నెగ్గటానికి కావలసినదానికి ఒకటి తక్కువ వేసి, పక్కన పెట్టి, తరువాతిది తీశాను. ఆ మార్కు ఎందుకు వేశానో ఆ పూట అడిగితే చెప్పగలిగేవాణ్ణి. మర్నాడు అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. ఎవరూ అడగలేదు. ఆ పేపరు రాసినవాడు ఏ రేవులో కూర్చున్నాడో ఈనాటిదాకా నేను ఆలోచించలేదు.

కొండ దిగాక మేనల్లుడికి ఒకే ఒక సలహా ఇచ్చాను. మళ్ళీ దిద్దకపోయినా, సొమ్ము కట్టి అడిగితే మన జవాబు పత్రాల నకళ్ళు మనకిస్తారు. దిద్దిన పత్రం చూసుకొనే హక్కు పరీక్ష రాసినవాడికి వున్నదని సుప్రీంకోర్టు 2011లో సమాచార హక్కు చట్టం కింద చెప్పింది. "తెప్పించు. ఇద్దరం చూద్దాం" అన్నాను. "మీరేం చూస్తారు, తెలుగువారు?" అన్నాడు. అదీ నిజమే.

నకళ్ళు వచ్చాయి. ఒక ఆదివారం మా ఇంటి వసారాలో అతను తన జవాబులూ, సంస్థ ప్రచురించే నమూనా జవాబులూ పక్కపక్కన పెట్టుకొని కూర్చున్నాడు. గంటసేపు మాట లేదు. నేను పడక కుర్చీలో కూర్చుని, దిద్దినవారి పొరపాటు దొరకాలని స్వామికి మొక్కుకొంటున్నాను.

దొరకలేదు. దొరికింది వేరు.

ఒక కంపెనీ మరో కంపెనీని కొన్నప్పుడు రెండింటి ఆస్తి అప్పులూ కలిపి వేసే పెద్ద లెక్క అది. మొదట్లోనే ఒక అంకె జారింది. జారిన అంకె ఆఖరిదాకా పాకింది. అయినా ఏ మెట్టు ఎలా వచ్చిందో పక్కన రాసి చూపిస్తే మెట్టు మెట్టుకూ మార్కులుంటాయట. మావాడు టైము చాలక ఆ లెక్కంతా మనసులో చేసి అంకెలు మాత్రం దింపాడు. న్యాయశాస్త్రం పేపరులోనూ అదే వరస. "ఈ తీర్మానం చెల్లదు" అని రాశాడు. అది సరైన జవాబే. ఏ నిబంధన ప్రకారం చెల్లదో రాయలేదు.

అతను తలెత్తి నా వంక చూశాడు. "మావయ్యా, మార్కుకు కారణం చెప్పలేదని నేను రెండు నెలలుగా దిద్దినవాణ్ణి తిట్టుకొంటున్నాను. జవాబుకు కారణం నేనూ చెప్పలేదు." అని పగలబడి నవ్వాడు. సంక్రాంతి తరువాత ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అదే. మా అక్కయ్య వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

మా తాతగారు కరణీకం లెక్కలు రాసేవారు. చిట్టాలో పడనిది ఆవర్జాలోకి ఎక్కకూడదనేవారు. జమాబందీనాడు పైఅధికారి ఏ పద్దు మీద వేలు పెడితే ఆ పద్దుకు నిలబడి సంజాయిషీ చెప్పాలి. 1984లో కరణీకాలు పోయాయి. సంజాయిషీ చెప్పవలసిన అవసరం మాత్రం పోకూడదు. పిల్లవాడు జవాబుకు కారణం చూపాలి. చూపకపోతే మార్కు పోవటం న్యాయమే. ఆ న్యాయమే పెద్దలకూ వర్తించాలి. మార్కు వేసిన చెయ్యి, అడిగితే, ఇందుకు వేశానని చెప్పగలగాలి.

ఆ సంస్థ చిహ్నంలో గరుత్మంతుడున్నాడు. దాని సూక్తి కఠోపనిషత్తులోది. అందరూ నిద్రిస్తుండగా మేలుకొని వుండేవాడెవడో అతన్ని గురించినది. శ్రీ అరవిందులు సూచించినది. డాబా మీద తెల్లవార్లూ చదివే పిల్లలకు తగిన మాటే. అయితే ఆ ఉపనిషత్తు కథ కూడా మరిచిపోకూడదు. నచికేతుడు యముడి వాకిట మూడు రాత్రులు తిండి లేకుండా కాచుకొని కూర్చున్నాడు. తిరిగి వచ్చిన యముడు, చిన్నవాడని చూడక, నిన్ను వాకిట నిలబెట్టినందుకు మన్నించమని, రాత్రికొక్క వరం చొప్పున మూడిచ్చాడు. అడిగిన ప్రశ్నకు ముందు తప్పించుకోజూసినా చివరకు జవాబు చెప్పాడు. యముడంతటివాడు చెప్పగా లేనిది, కలం పట్టిన మాకేమి భారం?

ఆ ఏటి నుంచి నేను దిద్దే పేపర్లలో, తక్కువ వేసిన ప్రతి జవాబు పక్కనా రెండు మాటలు రాస్తున్నాను. "ఉదాహరణ లేదు", "ప్రశ్న ఇది కాదు" అని. ఎవరూ చదవకపోవచ్చు. రాయటానికి నా కలం ఆగుతుంది. ఆగినప్పుడు మళ్ళీ చూస్తాను. రెండుమూడుచోట్ల మార్కు మారింది కూడా.

ఇక మావాడి సంగతి. 2024 మే నుంచి ఫైనలు పద్ధతి మారి గ్రూపుకు మూడేసి పేపర్లయ్యాయి. అతను మళ్ళీ రాశాడు. ఈసారి ప్రతి లెక్క పక్కనా మెట్లు కట్టాడు. ఆ విడత మొదటి గ్రూపులో నూటికి 27 మందికి పైగా నెగ్గారు, వారిలో మావాడొకడు. "ఆరు నెలల్లో మేమంతా మూడింతలు తెలివైనవాళ్ళమయ్యామా మావయ్యా?" అని అడిగాడు. దానికీ నా దగ్గర జవాబు లేదు.

రెండవ గ్రూపు ఇంకా వుంది. 2025 నుంచి ఈ పరీక్ష ఏడాదికి మూడుసార్లు పెడుతున్నారు గనక, ఎదురుచూసే కాలం కొంత తగ్గింది. అరుగు మీద ప్రశ్న మాత్రం కదలలేదు. మొన్న ఫాల్గుణ తీర్థానికి వచ్చిన చుట్టం ఒకాయన చెప్పులు విడుస్తూనే అడిగాడు: "మీ మేనల్లుడికి సి.ఏ. అయిందా?"

క్రియాపదం మార్చటం తెలుగు మేష్టరుకు చేతనైన పని గదా.

"అవుతోందండి" అన్నాను. "రండి, ముందు మజ్జిగ పుచ్చుకోండి."