మారేడుమిల్లిలో సిగ్నల్ పోయాక

రాజమండ్రి నుంచి మారేడుమిల్లికి దాదాపు 85 కిలోమీటర్లు. రంపచోడవరం దాటేదాకా నేను కిటికీలోంచి బయటికి చూసిందే లేదు. చేతిలో ఫోను, ఫోన్లో ఆఫీస్ చాట్. నిజానికి ఆరోజు నాకు సెలవు. కారు నడుపుతూ నాన్న ఏదో చెబుతున్నారు, నేను ‘ఊ’ కొడుతున్నాను.

మారేడుమిల్లిలో బొంగులో చికెన్ కోసం ఆగాం. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. “ముప్పావు గంట పడుద్దండి” అన్నాడు కాల్చే కుర్రాడు. అంతసేపా! చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. సిగ్నల్ లేదు. ఫోను పైకెత్తి పట్టుకుని రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. కుర్రాడు బొంగు తిప్పుతూ నవ్వాడు. “మీ సిమ్ముకి ఇక్కడ రాదండి.”

చేసేదేం లేక నాన్న పక్కన కూర్చున్నా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన్ని రంపచోడవరం వేశారట. మలేరియా వచ్చి పన్నెండు రోజులు మంచం దిగలేదట. పక్కింటి ముసలమ్మ రోజూ చోడి జావ కాచి తెచ్చేదట.

“నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?”

“ఇందాక ఆ ఇల్లు చూపించాను కదరా. ఊ అన్నావుగా.”

కోపంగా కూడా అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

స్క్రీన్ టైమ్ లిమిట్లు పెట్టుకోక కాదు. ఇన్‌స్టాకి రోజుకి 30 నిమిషాలని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఎప్పుడో పెట్టా. టైమ్ అయిపోగానే యాప్ బూడిద రంగులోకి మారుతుంది. సెట్టింగ్స్‌లోకెళ్లి నేనే తీసేస్తా. తాళం, తాళంచెవి రెండూ దొంగ దగ్గరే ఉన్నాయి మరి!

ఇంటికొచ్చాక రెండే పనులు చేశా. ఆన్‌కాల్ లేని వారాల్లో రాత్రి 8 తర్వాత ఆఫీస్ చాట్ మోగదు. అర్జెంటైతే ఫోన్ చెయ్యమని టీమ్‌కి చెప్పా. ఇప్పటికి ఒక్క ఫోనే వచ్చింది. రెండోది, ఛార్జర్‌ని పడగ్గదిలోంచి వంటింట్లోకి మార్చా. వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నా, కాపలా అమ్మది. మొదటి వారంలోనే రెండుసార్లు దొరికిపోయాను.

ఆరోజు తిరుగు ప్రయాణంలో రంపచోడవరం దగ్గర ఫోను వరసపెట్టి మోగింది. “ఆ ఇంటి దగ్గర ఒకసారి ఆపండి నాన్నా” అన్నాను. పక్కిల్లు ఇప్పుడు డాబా అయింది. ముసలమ్మ గురించి అడిగితే అక్కడ ఎవరికీ తెలియదన్నారు. నాన్న కాసేపు గేటు దగ్గరే నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను.