ఫొటోలో పడని చేను

16 నవంబర్ 2024, శనివారం

బాగ్‌లింగంపల్లి, సుందరయ్య విజ్ఞాన కేంద్రం. అటవీ హక్కుల మీద సభ. వెనక వరుసలో కూచున్నా.

2006 చట్టం. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉండాలి. ఆ తేదీ నాయినను నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

2019 ఫిబ్రవరి 13 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు గురించి ఒకాయన చెప్పాడు. దరఖాస్తులు తిరస్కరణకు గురైనవాళ్లను ఖాళీ చేయించమని. అదే నెల 28న ఆపేశారు. వేదిక మీద రెండు వాక్యాల్లో అయిపోయింది. అప్పుడు నేను హాస్టల్లో, పదో తరగతి. ఫోన్లో అమ్మ "మంచిగ చదువుకో" అంది, అంతే. ఆ పదిహేను రోజులు అమ్మా నాయినా ఎట్లా పడుకున్నారో...

మైకు వెనక దాకా రాలేదు.

అదే రాత్రి

సభ అయ్యాక టీ దగ్గర అందరి నోటా లగచర్ల భూసేకరణ గొడవే. పక్కన తెల్లజుట్టు లాయరమ్మ. ఎట్లా ధైర్యం వచ్చిందో, మా సంగతి చెప్పేశా. శాటిలైట్ ఫొటోలో చేను కనపడలేదని మా దరఖాస్తు తోసేశారని.

"కాగితం ఇచ్చిన్రా?"

"లేదు మేడమ్. నోటితోనే చెప్పిన్రు."

గ్లాసు పక్కన పెట్టింది. కారణం రాసి చేతికివ్వాలట. అది అందాకే అప్పీలుకు అరవై రోజుల గడువు. ఫొటో మిగతా సాక్ష్యాలకు తోడే గానీ వాటికి బదులు కాదని 2012లో నిబంధనల్లోనే చేర్చారట. గట్టు, బావి, సమాధి, అన్నీ సాక్ష్యాలే. ఊరి పెద్దల మాట రాసుకొస్తే అదీ సాక్ష్యమే.

ఇన్నేళ్లలో ఈ ముక్క నాయినకు ఒక్కరూ ఎందుకు చెప్పలేదు?

17, ఆదివారం

సాయంత్రం లామకాన్. అడవులు, అభివృద్ధి. దాదాపు అంతా ఇంగ్లిష్‌లోనే. అడవి తరగడానికి పోడే కారణమన్నాడొకాయన. చెయ్యెత్తా. ఈసారి మైకు వచ్చింది. గొంతు వణికినా ఆగలేదు. మా చేన్లో ఇప్పచెట్లు ఎందుకు కొట్టలేదో చెప్పా. తెలుగులోనే. ఆయన తలూపాడు. ఒప్పుకున్నట్టా, ఇక చాలన్నట్టా?

18, సోమవారం

క్లాసయ్యాక ఇందిరా పార్కు, ధర్నా చౌక్. మూడు టెంట్లు, మూడు రకాల గోడు. చివరి టెంట్‌లో ఆసిఫాబాద్ దిక్కు నుంచి వచ్చిన అవ్వ. యూరియా సంచి ముక్కలో చుట్టిన కాగితాలు విప్పింది. నకళ్లు, రసీదులు. ఒకదాని మీద వేలిముద్ర సిరా పాకి అక్షరాలను మింగేసింది.

"సదువుకుంటున్నవ్ గదా బిడ్డా, ఇండ్ల ఏమున్నదో సదువు."

చదివా. నాతోపాటే ఆమె పెదాలు కదులుతున్నాయి. మొత్తం కంఠతా వచ్చు. మరి నాతో ఎందుకు చదివించింది? ఏదైనా మారిందేమోననా?

20, బుధవారం

రాత్రి నాయినమ్మకు ఫోన్. స్పీకర్ పెట్టి నోట్‌బుక్ తెరిచా.

"ఇప్పుడెందుకే అవన్నీ" అంటూనే మొదలుపెట్టింది. ఒర్రె పక్కన రాళ్ల కట్ట తాత కట్టిందే. ఎప్పుడంటే, "గోదారి పెద్దగ వచ్చిన ఏడు. మీ నాయినకు అప్పటికింక మీసం రాలే." 1986 వరద. చట్టం అడిగిన తేదీకి పంతొమ్మిదేళ్లు ముందు. తూర్పు గట్టున పెద్ద ఇప్పచెట్టు కింద మా చిన్నతాత సమాధి. అది నాకు తెలియనే తెలియదు. ఎన్ని ఎండాకాలాలు ఆ చెట్టు కింద పువ్వు ఏరానో!

నాలుగు పేజీలు నిండాయి. మధ్యలో నాయినమ్మ రెండుసార్లు కోయలోకి వెళ్లిపోయింది. ఆ మాటలు అట్లాగే రాసుకున్నా.

22, శుక్రవారం

లాయరమ్మ ఫోన్ చేసింది. నాయినమ్మ మాట ఒక్కటే సరిపోదు, ఇంటిమనిషి కదా. వేరే ఇళ్ల పెద్దలు చెప్పాలి. కట్ట, సమాధి గ్రామసభ ముందు చూపించాలి.

కట్ట కట్టింది చూసినవాళ్లు గూడెంలో ఇంకా ఎవరున్నారు? ఇద్దరు. మూడో తాత మంగపేటలో కూతురింట్లో ఉన్నాడు, చెవులు వినపడవు. గట్టిగా అడిగితే చెప్తాడంది అమ్మ.

రేపు తెల్లారి ఉప్పల్లో మొదటి బస్సు. నాయినకు చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు.

"క్లాసులు పోవా?"

"పోతయ్. మళ్ల చదువుకుంట."

"సరే. ఇంకు ప్యాడ్ పట్టుకరా. పోయినసారిది ఎండిపోయింది."