మూసీ వెంబడి దున్నువాడు

అనంతగిరి కొండలలో పుట్టి, 1920లో కట్టిన గండిపేట జలాశయమున కొంత విశ్రమించి వచ్చు మూసీనది, నార్సింగికిని మంచిరేవులకును నడుమ సాగును. జలాశయపు గేట్లు ఎత్తిన దినమున ఈ రెండూళ్ళ నడిమి దారి మునిగిపోవును. చెంతనున్న కోకాపేటలో 2023 ఆగస్టున ఎకరము ధర వేలములో 100 కోట్లు దాటెను.

ఒకప్పుడు హైదరాబాదు నగరము చుట్టును నిజాము స్వంత వ్యయమునకై ప్రత్యేకింపబడిన సర్ఫ్-ఎ-ఖాస్ గ్రామములుండెను. రాజ్యభూమిలో నూటికి 10 పాళ్ళు ఆయనవి, 30 పాళ్ళు జాగీర్దారులవి కాగా, దున్నినవానికి మిగిలినవి వెట్టియు శిస్తుభారమును. తెలంగాణ రైతాంగము ఆయుధము పట్టి లేచిన పిదపనే, 1948 పోలీసుచర్య ముగిసిన పిదపనే, 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1950 నాటి కౌలుదారీ చట్టము ఏండ్ల తరబడి దున్నుచున్నవానిని రక్షిత కౌలుదారుగా గుర్తించెను. 1954-55 నాటి ఖాస్రా పహాణీ అను భూదస్త్రములో పట్టాదారు పేరుతోపాటు సాగుదారు పేరునకును గడి గలదు. తాతపేరు అందున్నదా లేదా అని మనుమలు నేటికిని నకళ్ళకై కచేరీల చుట్టు తిరుగుచున్నారు.

ఆ గడి విలువ తెలియవలెనన్న జింబాబ్వేను చూడవలెను. 2000 నుండి ఆ దేశము శ్వేతజాతి రైతుల విశాల క్షేత్రములను స్వాధీనపరచుకొని నల్లజాతివారికి పంచినది. వలసపాలన చేసిన దోపిడిని సరిదిద్దు ఆ కోర్కె ధర్మమైనదే. కాని భూమి పొందినవాని చేతిలో బ్యాంకు మన్నించు హక్కుపత్రము లేక, పెట్టుబడికి అప్పు పుట్టక, పొగాకు ఎగుమతి పడిపోగా, లోటు పూడ్చుటకై ప్రభుత్వము నోట్లు అచ్చువేయగా వేయగా, 2009లో 100 లక్షల కోట్ల డాలర్ల నోటు వెలువడి, ఆ యేడే ఆ దేశపు డాలరు చలామణి నుండి తొలగెను.

బాపూఘాటున ఈసీని కలుపుకొని, నగరపు మురుగును మోసికొని తూర్పునకు పోవు మూసీకి చేరువను పోచంపల్లి గలదు. అచట 1951 ఏప్రిల్ 18న భూమికై పాదయాత్ర చేయుచున్న వినోబా భావే సమక్షమున దళితులు 80 ఎకరములు కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇత్తునని పలికెను. ఆ ఔదార్యమునకు చేతులు మోడ్చెదను. అయినను దాత దయతో వచ్చిన భూమికంటె చట్టము వ్రాసి యిచ్చిన హక్కే నాకు మిన్నగా తోచును.

సూర్యాపేట చెంత సోలిపేటలో మూసీపై 1963లో పూర్తియైన ప్రాజెక్టు క్రింద వరి పండును. పండించువారిలో కౌలురైతులు ఎందరో. 2018లో వచ్చిన రైతుబంధు పెట్టుబడిసాయపు సొమ్ము పట్టాదారు ఖాతాలోనే పడెను. ధరణి భూదస్త్రముల పోర్టలు వచ్చినపుడు పహాణీలో సాగుదారు పేరు వ్రాయు అనుభవదారు గడియే లేకపోయెను. వాడపల్లి వద్ద మూసీ కృష్ణలో కలియు వరకును, ఎరువులకు వడ్డీవ్యాపారి గడప తొక్కుచు, పంట పోయిన యేట పరిహారపు జాబితాలో పేరు లేక, ఈ ఒడ్డున దున్నువాడు మరుసటి యేటి కౌలు మాత్రము ముందుగనే చెల్లించుచున్నాడు.